ఐసు మీద కోపం

మోకాలు మార్పిడి ఆపరేషన్ అయిన పన్నెండో రోజున ఫిజియోథెరపీ అమ్మాయి మొదటిసారి మా ఇంటికి వచ్చింది. మంచం అంచున కూర్చుని, నా కుడి మోకాలి పక్కన రెండు రెక్కలున్న ప్లాస్టిక్ కొలబద్ద ఒకటి ఆనించి, కాలు మెల్లగా వంచి చూసి, "యాభై ఎనిమిది డిగ్రీలు" అంది. పదో తరగతి లెక్కల్లో నాకొచ్చిన మార్కుల కంటే ఎక్కువే గనక నేను సంతోషించాను. ఆ అమ్మాయి మాత్రం సంతోషించలేదు.

"తొంభై దాటాల అంకుల్. కుర్చీలో కూర్చుంటే కాలు ఎంత వంగుతాదో అదీ తొంభై. ఆరు వారాలకి డాక్టర్ గారు చూసేసరికి అది రాకపోతే, మళ్ళీ థియేటర్లోకి తీసుకెళ్ళి, మత్తిచ్చి వాళ్ళే వంచేస్తారు."

 ఆ థియేటర్ సంగతి నాకు తెలుసు. నాకు నడుముకి సూది వేసి ఆపరేషన్ చేశారు. నడుము కిందంతా ఎవరిదో అయిపోయింది గాని, చెవులు నావే కదా. ఆకుపచ్చ తెర అవతల ఎవరో సుత్తితో కొడుతున్నారు. నొప్పి లేదు, చప్పుడుంది. ఒక్కో దెబ్బా వెన్నులోంచి పైకి పాకి నా పళ్ళకి తగిలేది. ముప్పై నాలుగేళ్ళుగా ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నవాణ్ణి. ఐసు దిమ్మ మీద సుత్తి పడితే ఎలా వినిపిస్తుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. సరిగ్గా అదే చప్పుడు. పగులుతున్నది నేనన్నదొక్కటే తేడా. చచ్చినా ఆ బల్ల మీదికి మళ్ళీ ఎక్కకూడదని ఆ రోజే అనుకున్నాను.

వేసవిలో రెండు నెలల చేపల వేట నిషేధం చూసుకుని మరీ ఆపరేషన్ పెట్టుకున్నాను. హార్బరు పనివాళ్ళం పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, పళ్ళు పీకించుకోవడాలు, అన్నీ ఆ రెండు నెలల్లోనే పెట్టుకుంటాం. బోట్లన్నీ కట్టేసి ఉంటాయి, ఐసుకి బేరం ఉండదు, సెలవడిగితే యజమాని మొహం మాడ్చుకోడు. బోట్లు మళ్ళీ కదిలే నాటికి నేనూ కదలాలన్నది లెక్క. ఆ లెక్కలో ఈ తొంభై ఎక్కడా లేదు.

ఆ అమ్మాయి వెళ్తూ వెళ్తూ మడమ కింద ప్లాస్టిక్ కవరు వేసుకుని కాలు జరపమంది, తువ్వాలుతో పాదం లాగమంది, మోకాలి కింద దిండు పెట్టొద్దంది. అన్నీ బాగానే ఉన్నాయి. చివర్లో నీలం రంగు ప్యాకెట్ ఒకటి మా ఆవిడ చేతికిచ్చి, "ఫ్రీజర్లో పెట్టండి ఆంటీ. రోజుకి నాలుగుసార్లు ఐస్ పెట్టాల. వాపు తగ్గితేనే వంగుతాది" అంది.

నేను నవ్వాను. నా మోకాళ్ళని తిన్నదే ఐసు. దానితోనే వైద్యమంటే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే.

ఇదేదో నేను పుట్టించిన సంగతి కాదు. మా ఫ్యాక్టరీలో అందరూ అనుకునేదే. ఉప్పునీళ్ళ తొట్టెలో దించిన పొడుగాటి ఇనప డబ్బాల్లో మంచినీళ్ళు గడ్డకడతాయి. ఆ డబ్బాలు పైకి లాగి, దిమ్మలు జారుడుబల్ల మీద వదిలి, కొక్కెంతో ఈడ్చి క్రషర్లో వేస్తాం. తెల్లవారకముందే మొదలయ్యే పని. నేల ఎప్పుడూ తడే. రబ్బరు బూట్లు వేసుకున్నా చలి అరికాళ్ళలోంచి ఎక్కుతుంది. సూపర్‌వైజర్నయ్యాక కుర్చీ ఇచ్చారు గాని, అప్పటికే మోకాళ్ళు పోయాయి. నాకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్న పెద్దాయన కూడా రెండు మోకాళ్ళూ పట్టుకునే వెళ్ళాడు. ఐసు కాళ్ళని తినేస్తుందని నాకు మొదట చెప్పింది ఆయనే. నేను నమ్మాను. ముప్పై నాలుగేళ్ళు నమ్మిన దాన్ని పాతికేళ్ళ పిల్ల వచ్చి కాదంటే వదిలేస్తానా?

కుట్లకి వేసిన పిన్నులు తీసేశాక, మా ఆవిణ్ణి పిలిచి ఉప్పు మూట కాపడం పెట్టమన్నాను.

"ఆ అమ్మాయి ఐసు అంది కదండి" అంది.

"ఐసు గురించి నాకు సెప్తావేటే? ముప్పై నాలుగేళ్ళు దాంతో కాపరం సేసినాను. కాపడం పెట్టమంటే పెట్టు."

అరిచానని ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో నేను మాట్లాడిందంతా అరుపే. మనిషి భయపడితే కొందరు ఏడుస్తారు, కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు, నేను అరుస్తాను. కాఫీ చల్లారిందని అరిచాను. వాకరు గోడకి జారగిలబెట్టిందని అరిచాను. బాత్రూంలోకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళినందుకు అరిచాను, ఒక్క నిమిషం ఆలస్యమైతే రాలేదని అరిచాను. లోపల కమోడు కుర్చీ మీద కూర్చుని కుళాయి విప్పి, ఆ చప్పుడులో మాత్రం ఏడ్చేవాణ్ణి. నీళ్ళు వృథా చేస్తున్నానని ఆవిడ ఎప్పుడూ అనలేదు. తెలుసనుకుంటాను.

పూర్ణా మార్కెట్ నుంచి రాళ్ళుప్పు తెప్పించి, బాణలిలో చిటపటలాడేదాకా వేయించి, పాత పంచె ముక్కలో మూటకట్టి తెచ్చేది. మంచం పక్కన నేల మీద కూర్చుని, ముందు తన చెంపకి ఆనించి చూసుకుని, తర్వాత నా మోకాలి మీద అద్దేది. అరగంట అలాగే. ఎంత హాయిగా ఉండేదో! అయ్యాక మంచం పట్టీ పట్టుకుని లేచేది. ఆ పట్టుకి మంచమంతా ఒక్కసారి అదిరేది, నా కాలు జివ్వుమనేది. "మెల్లగా లెగలేవేటి?" అని రోజూ కసిరేవాణ్ణి.

ఇక ఫిజియో అమ్మాయి వచ్చే రోజుల్లో చేసిన నాటకం చెప్పుకుంటే సిగ్గేస్తుంది. ఆమె స్కూటీ మా సందు మలుపు తిరిగిన చప్పుడు వినగానే, ఫ్రీజర్లో ఎండుచేపల పక్కన పడున్న నీలం ప్యాకెట్ మంచం మీదికి వచ్చేది. తువ్వాలు కుళాయి కింద తడిపి పిండి కాలి మీద పరిచేవాణ్ణి.

"ఐస్ పెడుతున్నారా అంకుల్?"

"పెడతన్నానమ్మా. రోజుకి నాలుగుసార్లు."

మా ఆవిడ అప్పుడు వంటింట్లోకి వెళ్ళిపోయేది.

యాభై ఎనిమిది తర్వాత అరవై ఆరు వచ్చింది. ఆ తర్వాత అరవై ఎనిమిది. ఆ తర్వాతా అరవై ఎనిమిదే. కాలు చూస్తే మోకాలికీ తొడకీ తేడా తెలియనంత వాపు. ఆ అమ్మాయి వంచుతుంటే దుప్పటి నోట్లో కుక్కుకునేవాణ్ణి. ఆమె వేలు కొలబద్ద మీద ఎక్కడ ఆగుతుందా అని ఊపిరి బిగబట్టి చూసేవాణ్ణి. అరవై ఎనిమిది.

ఆ రోజుల్లో నా కళ్ళకి మనుషుల మోకాళ్ళు తప్ప ఇంకేమీ కనిపించేవి కావు. టీవీలో ఎవరో పెద్దమనిషి సోఫాలో కూర్చుని దేశం గురించి మాట్లాడుతుంటే, ఆయన కాలు ఎన్ని డిగ్రీలు వంగిందో లెక్కేసేవాణ్ణి. కిటికీలోంచి చూస్తే సందులో ఆటో డ్రైవర్లు చక్రం పక్కన గొంతుక్కూర్చుని టీ తాగుతుండేవారు. అంత సులువుగా ఎలా కూర్చుంటున్నారురా అని వాళ్ళ మీద కోపం వచ్చేది. పోర్టులో ఓడ కూత వేస్తే ఉలిక్కిపడేవాణ్ణి. క్యాలెండర్లో డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజు మీద మా ఆవిడ పెన్నుతో సున్నా చుట్టింది. మంచం మీంచి చూస్తే సరిగ్గా ఎదురుగా కనిపించేది. దాన్ని తీసి వేరే గోడకి తగిలించమని కూడా అరిచాను.

నా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, మా ఫ్యాక్టరీలోనే పని. నేను లేని రోజుల్లో నా కుర్చీ చూసుకుంటున్నాడు. ఒకరోజు చూడ్డానికి వచ్చి, వాపు చూసి, "ఐసు పెట్టట్లేదేటి బావా?" అన్నాడు.

"పెట్టను. ఐసంటేనే నాకు ఒళ్ళు మండతంది."

"సెరువు మీద అలిగినోడి సామెత సెప్పమంటావేటి?"

"అక్కర్లేదు. తెలుసు."

"తెలిస్తే మరి కడుక్కో" అని నవ్వుతూ లేచిపోయాడు. వాడు వెళ్ళాక నేను నవ్వలేదు. కాపడం పెట్టమన్నాను. ఇంకొంచెం వేడిగా పెట్టమన్నాను.

నాలుగో వారం మొదట్లో ఒక ఉదయం ఫిజియో అమ్మాయి తువ్వాలు తీసి, వంచబోయి, ఆగిపోయింది. మోకాలికి బయటివైపు, కుట్టుకి నాలుగు వేళ్ళ దూరంలో, అర్ధ రూపాయి బిళ్ళంత బొబ్బ. దాని చుట్టూ ఎర్రగా కంది ఉంది.

"ఇదేంటి అంకుల్?"

నాకు నిజంగానే తెలీదు. నొప్పి లేదు, మంట లేదు. "దోమేదో కుట్టుంటాది" అన్నాను.

ఆ అమ్మాయి బొబ్బకి కాస్త పక్కగా వేలితో తాకింది. "తెలుస్తోందా?" తెలియలేదు. గోరుతో గీసింది. తెలియలేదు. చర్మం కోసినప్పుడు ఆ పక్క నరాలు తెగుతాయట. అక్కడ కొన్నాళ్ళు, ఒక్కోసారి ఎప్పటికీ, స్పర్శ ఉండదట. "కాలినా తెలీదు అంకుల్. దేంతో కాలింది?"

నేను గోడ వైపు చూశాను. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ అంది: "ఉప్పు మూట కాపడం పెట్టినానమ్మా. రోజూ పెడతన్నాను. తప్పు నాదే. ఆయనకేటీ తెలీదు."

నేను నోరు విప్పలేదు. అరవడానికి ఎప్పుడూ విప్పే నోరు, ఆ ఒక్క మాట అనడానికి రాలేదు. ఈ కథంతటిలో నన్ను నేను క్షమించుకోలేనిది అదొక్కటే.

ఆ అమ్మాయి కాలికి ఫోటో తీసి డాక్టరుకి పంపింది. వెంటనే తీసుకురమ్మన్నారు. మా మేడ మెట్లు ఒక్కొక్కటే దిగి, ఆటో సీటులో అడ్డంగా కాళ్ళు చాపుకుని, ఆసుపత్రికి వెళ్ళాం.  డాక్టరు చూసి, పై చర్మం వరకే కాలిందన్నారు. "కానీ లోపల లోహం ఉంది. పైన చీము పట్టి అది లోపలికి పాకిందంటే, పెట్టినదంతా తీసెయ్యాల్సి ఉంటుంది. జ్వరం వస్తుందేమో చూసుకోండి" అన్నారు. మందులు రాసి కట్టు కట్టారు. ఎవరు కాల్చారని అడగలేదు. అడిగితే బాగుండేది, చెప్పేవాణ్ణేమో.

తర్వాతి అయిదు రోజులూ థర్మామీటరుతో బతికాను. పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం. మధ్యలో కూడా అనుమానం వస్తే పెట్టుకునేవాణ్ణి, నాకు ప్రతి గంటకీ అనుమానం వచ్చేది. వేసవి ఉక్కకి ఒళ్ళు వేడెక్కినా గుండె జారిపోయేది. ఒక సుత్తి చప్పుడుకి భయపడినవాడికి ఇప్పుడు రెండు సుత్తి చప్పుళ్ళు, పెట్టింది పీకడానికి ఒకటి, మళ్ళీ పెట్టడానికి ఒకటి. మా ఆవిడ రాత్రిళ్ళు కూడా లేచి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసేది. నాకు ఏమైనా అయితే తన మూట వల్లే అని ఆవిడ నమ్ముతోంది. నమ్మనిచ్చాను.

జ్వరం రాలేదు. ఆరో రోజు బొబ్బ ఎండింది. ఆ రోజే బావమరిది వచ్చాడు. చేతిలో చేపలు పెట్టే తెల్ల థర్మోకోల్ పెట్టె. మూత తీస్తే మా ఫ్యాక్టరీ ఐసు, క్రషర్లో మెత్తగా కొట్టింది. నిషేధం రోజుల్లో దిమ్మలు తక్కువే తీస్తున్నారట, నాకోసం ఒకటి పక్కన పెట్టించాడట.

"ఆ నీలం పేకెట్టు నీకు ఆనదులే బావా. ఇది మన సరుకు" అన్నాడు.

మా ఆవిడ ఐసుని రెండుసార్లు కడిగి, ప్లాస్టిక్ సంచిలో పోసి, మందపాటి తువ్వాలు చుట్టి, కట్టుకి తగలకుండా మోకాలి పైనా పక్కనా సర్దింది. అప్పటికీ చేపల వాసన వస్తూనే ఉంది. పావుగంట దాటకుండా గడియారం తన ముందే పెట్టుకుంది. నాకు వెన్ను జలదరించింది. చలికి కాదు, పాత కసి. "ఈ ఐసే కదే నా మోకాళ్ళు తినేసింది" అన్నాను. ఈసారి అరవలేదు, ఏడుపు గొంతుతో అన్నాను.

పావుగంటయ్యాక ఆవిడ లేవబోయింది. ఎప్పట్లాగే మంచం పట్టీ పట్టుకుంది, మంచం ఎప్పట్లాగే అదిరింది. నేను కసరడానికి నోరు తెరిచాను. ఆవిడ సగం లేచి, అక్కడే ఆగి, పట్టీ మీద బరువంతా వేసి నా మొహంలోకి చూసింది.

"మరి నావి ఏటి తినేసిందండి? నాను ఏ ఐసు పేక్టరీలో పని సేసినాను?"

ముప్పై ఏళ్ళకి పైగా కాపురం చేసినవాణ్ణి. ఆవిడ మోకాళ్ళు ఆ రోజే చూశాను. చీర కొద్దిగా ఎత్తి చూపించింది. ఎడమది లోపలికి వంగిపోయి ఉంది, బెణికిన కాలికి కట్టే గుడ్డపట్టీ చుట్టి ఉంది. ఆ పట్టీ కూడా పాతది, నాది.

"ఎప్పట్నుంచే?"

"మూడేళ్ళవుతాది."

"సెప్పలేదేటి?"

"ముందు మీది అయిపోనీ అనుకున్నాను. ఇద్దరం మంచమెక్కితే ఎవరు సూస్తారు?" అని, మాట మార్చేసి, "ఐసు నీళ్ళయిపోతంది" అని సంచి అందుకుంది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను.  "ఉప్పు మూట నాను పెట్టమన్నాను" అన్నాను. ఆ అమ్మాయి ముందు అనాల్సిన మాట, ఆరు రోజులు ఆలస్యంగా, వేరే మనిషి ముందు.

"తెలుసులెండి" అంది.

అప్పట్నుంచి ఆవిణ్ణి నేల మీద కూర్చోనివ్వలేదు. రోజూ బావమరిది పెట్టె తెచ్చేవాడు. మంచం అంచున నేను, ఎదురుగా కుర్చీలో ఆవిడ. ముందు నాకు పావుగంట, తర్వాత ఆవిడకి పావుగంట. నా కాలికి ఆవిడ సర్దేది, ఆవిడ కాలికి నేను. మొదట్లో ఒప్పుకోలేదు, కితకితలన్నట్టు కాలు వెనక్కి లాక్కునేది. పెళ్ళయిన కొత్తలో కూడా ఆవిడ కాలు నేను ముట్టుకున్న గుర్తు లేదు. ఒక పొద్దున్న ముందుకి వంగి ఆవిడ మోకాలికి తువ్వాలు ముడి వేస్తుంటే, "మీ కాలు సూడండి" అంది. ముందుకి వంగడంలో నా కుడి పాదం దానంతటదే జారి మంచం కిందికి వెళ్ళింది. నొప్పి అప్పుడు తెలిసింది, దుప్పటి కుక్కుకునేంత కాదు.

మర్నాడు ఫిజియో అమ్మాయికి అంతా చెప్పేశాను, తడి తువ్వాలు నాటకంతో సహా. ఆ అమ్మాయి కోపంగా తువ్వాలు లాగి పక్కన పడేసింది. తర్వాత కొలబద్ద పెట్టి, "డెబ్బై తొమ్మిది. ఇంక తొమ్మిది రోజులే ఉన్నాయి అంకుల్" అంది. ఆ తొమ్మిది రోజులూ రోజూ వచ్చింది. ఎనభై మూడు, ఎనభై ఏడు. ఆఖరి ముందు రోజు ఎనభై తొమ్మిది. ఒక్క డిగ్రీ కోసం మనిషికి నిద్ర పట్టదంటే నవ్వొస్తుంది గాని, నాకు పట్టలేదు.

డాక్టరు నన్ను ఎత్తు బల్ల మీద కూర్చోబెట్టి, తన కొలబద్దతో తానే కొలిచారు. రెండుసార్లు కొలిచారు. నేను కళ్ళు మూసుకున్నాను.

"తొంభై రెండు. మత్తు అక్కర్లేదు. వ్యాయామాలు మానకండి" అన్నారు.

బల్ల దిగాను. బయటికి నడుస్తున్న మా ఆవిణ్ణి భుజం పట్టి ఆపి, "ఈవిడ మోకాళ్ళు కూడా ఒకసారి సూడండి" అన్నాను. ఆవిడ నా వైపు గుడ్లురిమి చూసింది. ఎక్స్‌రే తీశారు. ఎడమ మోకాలు నా దాని కంటే అధ్వాన్నంగా ఉందన్నారు. తొందర లేదు గాని, ఆలోచించుకోమన్నారు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో ఆవిడ ఎక్స్‌రే కవరు ఒళ్ళో పెట్టుకుని, దాన్ని చూడకుండా బయటికి చూస్తూ కూర్చుంది. వన్ టౌన్ సందుల్లోకి తిరిగాక నెమ్మదిగా అడిగింది.

"మీరు సెప్పిన ఆ సుత్తి సప్పుడు నిజంగా వినిపిస్తాదేటండి?"

ఏమీ వినిపించదని చెప్పడం ఎంత సులువు! మూడు వారాలు అబద్ధాలు ఆడి నోరు బాగా అలవాటు పడి ఉంది.

"వినిపిస్తాది" అన్నాను. "పళ్ళలోకి వస్తాది. నాకు సానా బయమేసింది."

ఆవిడ తల ఊపింది. ఆటో గతుకుల్లో పడ్డప్పుడల్లా తన మోకాలు పట్టుకోవడం మానేసి నా మోచెయ్యి పట్టుకుంది. ఇల్లు వచ్చేదాకా వదల్లేదు.